అమ్మాయికి మొదటి రైఫిల్: గోదావరి జిల్లాల్లో ఉండేవాళ్లు ఏది కొనాలి, ఏది వద్దు

అమ్మాయికి తుపాకీ పట్టడం నేర్పించాలనుకునే తల్లిదండ్రులు మన వైపు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది. అవి చూశాక ఇళ్లల్లో ఈ కోరిక మొదలవడం సహజమే, నాకు చాలా సంతోషం కూడా. మా అమ్మాయి పన్నెండేళ్లప్పుడు ఈ ఆటలోకి వచ్చింది, ఇప్పుడు కాలేజీలో ఉంది. తెలిసినవాళ్లు ఫోన్ చేసి మొదటి రైఫిల్ ఏది కొనమంటారని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒక చోట రాస్తున్నాను.

అడిగేవాళ్లలో కొందరి మనసులో ఉండేది ఆట కాదు, వేట. వాళ్ల తాతగారు కొల్లేటిలో బాతుల్ని కొట్టిన కథలు విని పెరిగినవాళ్లు. ఇంకొందరికి చేపల చెరువులుంటాయి. నీటికాకులు, కొంగలు పిల్ల చేపల్ని ఎత్తుకుపోతుంటే కడుపు మండి, 'అమ్మాయికి నేర్పినట్టూ ఉంటుంది, పిట్టల్ని తోలినట్టూ ఉంటుంది' అంటారు. వాళ్ల నష్టం నిజమే, నేను కాదనను. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదా వేట అనేదే లేదు. కొంగ గానీ నీటికాకి గానీ బాతు గానీ, ఎయిర్ గన్‌తో కొట్టినా అది నేరమే, జైలుకి పంపగలిగే నేరం. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, కోరంగి అంతకు చాలా ముందు నుంచే. చెరువు మీద పిట్టలు వాలకుండా వలో, అడ్డంగా తాళ్లో కట్టుకోవడమే దారి. పద్నాలుగేళ్ల పిల్ల చేతికి తుపాకీ ఇచ్చి కొంగని చూపించడమంటే తొలి పాఠంలోనే నేరం నేర్పడం.

కాబట్టి ఇక్కడ నేను పోల్చేవన్నీ కాగితం మీద కొట్టడానికి పనికొచ్చే రైఫిళ్లే.

తాతగారి తుపాకీ సంగతి

పాత ఇళ్లల్లో ఒకటో రెండో పన్నెండు బోరు తుపాకులు ఇంకా ఉన్నాయి. దానితో మొదలుపెడదామని ఎవరైనా పెద్దాయన అంటే గౌరవంగానే వద్దని చెప్పండి. అది లైసెన్సు ఉన్న మనిషికి మాత్రమే చెందిన ఆయుధం. ఆ మనిషి పోతే దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేసి, వారసులు తమ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. చట్టం అలా ఉంచినా, ఆ తుపాకీ భుజం మీద ఇచ్చే దెబ్బ పిల్లకి నేర్పేది ఒక్కటే, ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకోవడం. ఒకసారి అలవాటైన ఆ ఉలికిపాటు పోగొట్టడానికి కోచ్‌లకి నెలలు పడుతుంది.

పాయింట్ టూటూ (.22) రైఫిల్ కూడా మొదట కొనేది కాదు. అది 50 మీటర్ల పోటీలకు వాడే అసలైన తుపాకీ, దానికి లైసెన్సు కావాలి. అమ్మాయి ఎయిర్ రైఫిల్‌లో నిలబడ్డాక ఆలోచించాల్సిన మెట్టు. అయితే రూపాయి ఖర్చు లేకుండా దాన్ని పట్టుకునే అవకాశం ఒకటుంది, చాలామందికి గుర్తు రాదు. హైస్కూల్లో గానీ కాలేజీలో గానీ ఎన్‌సీసీ ఉంటే అమ్మాయిని చేర్పించండి. క్యాంపుల్లో పాయింట్ టూటూతో ఫైరింగ్ చేయిస్తారు. అసలు ఈ పని తనకి ఇష్టమో కాదో అక్కడే తేలిపోతుంది.

మిగిలింది ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ వన్ సెవెన్ సెవెన్ దాటకుండా, బలం 20 జౌళ్లు మించకుండా ఉంటే దానికి లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ టూటూ బోరు ఎయిర్ గన్ అయితే లైసెన్సు కావాలి. షాపులో ఈ తేడా నొక్కి అడగండి. పెద్దవాళ్ల పేరున, గుర్తింపు కార్డు చూపించి, పక్కా బిల్లుతోనే కొనండి. రైఫిల్ బయటికి తీసుకెళ్లినప్పుడల్లా ఆ బిల్లు కాపీ పెట్టెలోనే ఉండాలి.

బలం గురించి ఒక మాట

షాపువాడు మొదట చెప్పేది బలం గురించే. "ఆయ్, దీంతో కొడితే పిట్ట అక్కడికక్కడే పడిపోద్దండి" అంటాడు. మా అన్నయ్య కూడా మేనకోడలికి గట్టి తుపాకీయే కొనాలని పట్టుబట్టాడు. ఆయనకి నేను చెప్పిన లెక్క మీకూ చెప్తాను. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన పోటీ, 2012లో లండన్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పోటీ, రెండూ 10 మీటర్ల ఎయిర్ రైఫిలే. అందులో వాడే మ్యాచ్ రైఫిల్ బలం సుమారు ఏడున్నర జౌళ్లు. లైసెన్సు అక్కర్లేని హద్దులో సగం కూడా కాదు. అర గ్రాము బరువున్న పెల్లెట్, అంటే చిన్న సీసం గుండు, సెకనుకి 170 మీటర్లకు కాస్త అటూ ఇటూ వేగంతో వెళ్తుంది, అంతే. కానీ పది మీటర్ల దూరంలో ఉన్న పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. బాల్‌పెన్నుతో పెట్టిన చుక్కంత! దాన్ని కొట్టడానికి బలంతో పనిలేదు. ఊగని చెయ్యి, పిల్ల ఒంటికి సరిపోయే రైఫిల్, మెత్తగా తెగే ట్రిగ్గర్ కావాలి.

కొనేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూడమనేది ఆ సరిపోవడమే. పెద్దయ్యాక సరిపోతుందిలే అని రెండు సైజులు పెద్ద గౌను కొన్నట్టు రైఫిల్ కొనకూడదు. అమ్మాయి మోచేతి మడతలో బట్ (రైఫిల్ భుజానికి ఆనే వెనక కొస) ఆనించి చెయ్యి పైకి వంచితే, చూపుడు వేలు మొదటి కణుపు హాయిగా ట్రిగ్గర్‌కి అందాలి. అందకపోతే ఆ రైఫిల్ ఎంత గొప్పదైనా తనకి కాదు. పొడుగు ఎక్కువైతే పిల్ల నడుం వెనక్కి విరిచి, తల ముందుకి చాపి గురి చూస్తుంది, ఆ నిలబడే తీరే అలవాటైపోతుంది. బరువు కూడా అంతే. పోటీల్లో ఐదున్నర కిలోల దాకా అనుమతి ఉంది, పెద్దవాళ్ల మ్యాచ్ రైఫిళ్లు నాలుగు కిలోలు పైబడే ఉంటాయి. పన్నెండు, పదమూడేళ్ల సన్నపాటి పిల్లకి అంత బరువు గంటసేపు మొయ్యడం నడుముకి మంచిది కాదు. మూడు, మూడున్నర కిలోల జూనియర్ రైఫిళ్లు ఉన్నాయి, వాటి బట్ జరుపుకుని పొడుగు పెంచుకోవచ్చు. నిలబడి కొట్టేటప్పుడు రైఫిల్ మోసేది కండ కాదు, ఎముక. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనుతుంది. ఆడపిల్లల ఒంటి తీరు ఇందుకు చాలా అనుకూలం. 'ఆడపిల్ల ఏం మోస్తుంది' అనే బంధువులకి ఈ మాట చెప్పండి.

ఇంకో పరీక్ష కూడా షాపుకి వెళ్లకముందే ఇంట్లో చేసేయండి. రెండు చేతులూ ముందుకి చాపి, వేళ్ల మధ్య చిన్న కిటికీలా సందు చేసి, రెండు కళ్లూ తెరిచి అందులోంచి గోడ గడియారాన్ని చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో ఆ కన్నే తన అసలు కన్ను. కుడిచేతి వాటం పిల్లకి ఎడమ కన్ను బలంగా ఉండటం మామూలే. అలాంటప్పుడు కోచ్‌తో మాట్లాడకుండా కొనకండి. ఎడమవైపు వాడే రైఫిళ్లు మన దగ్గర దొరకడం కష్టం.

స్ప్రింగ్ రైఫిల్, పీసీపీ

షాపుల్లో ఎక్కువగా కనిపించేది బ్యారెల్ వంచి ఎక్కుపెట్టే స్ప్రింగ్ రైఫిల్. మన దేశంలో ప్రెసిహోల్ లాంటి కంపెనీలు మంచివే చేస్తున్నాయి. ధర వేలల్లోనే ఉంటుంది. గాలి నింపే గొడవ లేదు, పల్లెటూళ్లో ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఓపెన్ సైట్‌తో, అంటే వెనక గాడిలోంచి ముందున్న ముల్లుని చూస్తూ, గురి కుదర్చడం దీనిమీదే నేర్చుకోవచ్చు, స్కూల్ పోటీల్లో ఓపెన్ సైట్ విభాగం ఉంటుంది కూడా.

దీని ఇబ్బందులు అమ్మేవాళ్లు చెప్పరు. లోపల బరువైన పిస్టన్ ఒక్క ఉదుటున ముందుకి వచ్చి ఆగుతుంది కాబట్టి, పెల్లెట్ బ్యారెల్ దాటకముందే రైఫిల్ వెనక్కీ ముందుకీ కదులుతుంది. పట్టు ఒక్కోసారి ఒక్కోలా ఉంటే గుళ్లు ఒక్కో చోట పడతాయి. తప్పు తనదో రైఫిల్‌దో పిల్లకి తెలియదు, మనసు విరిగేది అక్కడే. ట్రిగ్గర్ బరువుగా, లాగుతూ ఉంటుంది. బ్యారెల్ వంచడానికి కావాల్సిన బలం చిన్న పిల్లలకి ఉండదు, నాన్నో అన్నో ప్రతిసారీ ఎక్కుపెట్టి ఇవ్వాల్సి వస్తుంది. షాపులోనే అమ్మాయి చేత వరసగా పదిసార్లు వంచి చూపించమనండి. నాలుగోసారికే చేతులు వణికితే అది వద్దు. వంచిన బ్యారెల్‌ని పెల్లెట్ పెట్టేంతసేపూ ఒక చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి, జారి మూసుకుంటే వేళ్లు నలిగిపోతాయి. పెల్లెట్ లేకుండా ఊరికే పేల్చకూడదు, పిస్టన్ పాడవుతుంది. మన ఇళ్లల్లో కొబ్బరి నూనె ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది గనక ఇది కూడా చెప్పాలి: గాలి నొక్కుకునే గొట్టంలో ఏ నూనె చుక్కా వెయ్యకండి. వేడికి అది భగ్గుమని మండి సీళ్లు, స్ప్రింగు దెబ్బతింటాయి.

పీసీపీ అంటే సిలిండర్‌లో ముందే గాలి నింపుకుని కొట్టే రైఫిల్. కుదుపు లేనట్టే ఉంటుంది, ట్రిగ్గర్ వేలు తాకితే తెగుతుంది. వెనక సన్నటి బెజ్జంలోంచి చూసే పీప్ సైట్ ఉంటుంది. పోటీల్లో టెలిస్కోప్ సైట్లకు అనుమతి లేదు, దానికి డబ్బు తగలెయ్యకండి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్స్ లాంటి జర్మన్ రైఫిళ్లు కొత్తవైతే లక్షల్లోనే. మన దేశంలో తయారైన పీసీపీలు అంతకన్నా చాలా తక్కువకి వస్తాయి, నేర్చుకునే దశకి చాలు.

నాకు పీసీపీ మ్యాచ్ రైఫిల్‌లో అన్నిటికంటే నచ్చేది ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే సదుపాయం. గాలి పోదు, పెల్లెట్ అక్కర్లేదు, రైఫిల్‌కి నష్టం లేదు. గోడ మీద చిన్న చుక్క అంటించి, రోజూ అరగంట గురి చూసి నొక్కడం. పెద్ద ఆటగాళ్లు కూడా సాధనలో పెద్ద భాగం ఇదే చేస్తారు. రేంజ్‌కి రోజూ వెళ్లలేని అమలాపురం, నరసాపురం, పాలకొల్లు పిల్లలకి ఇది వరం. స్ప్రింగ్ రైఫిల్‌తో ఈ సాధన కుదరదు. ఆ ఒక్క కారణానికే, చేతిలో డబ్బుంటే నేను పీసీపీ వైపే మొగ్గుతాను.

దీని కష్టం గాలి. సిలిండర్లు ఎక్కువగా 200 బార్ పీడనం దాకా నింపాలి. చేతి పంపుతో నింపొచ్చు గానీ చెమటలు పడతాయి, పిల్లలకి సాధ్యం కాదు. పైగా డెల్టా గాలిలో తడి ఎక్కువ. పంపుకి తేమ పీల్చే ఫిల్టర్ తప్పకుండా ఉండాలి, మధ్యమధ్యలో ఆపి పంపులోని నీరు బయటికి వదిలేస్తుండాలి. లేకపోతే సిలిండర్ లోపల తుప్పు మొదలవుతుంది. డైవింగ్ సిలిండర్ తెచ్చిపెట్టుకుంటే సులువు, నింపించడానికి ఊరు దాటాలి.

ఇక్కడ చేతులు జోడించి చెప్పే మాట. మన ప్రాంతంలో ఆక్సిజన్ సిలిండర్లు ఎక్కడ చూసినా ఉంటాయి. చేప పిల్లల, రొయ్య పిల్లల ప్యాకింగ్ దగ్గర, వెల్డింగ్ షాపుల్లో. వాటితో నింపేద్దాం, తొందరగా అయిపోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఎప్పటికీ ఆ పని చెయ్యకండి. అధిక పీడనంలో శుద్ధమైన ఆక్సిజన్‌కి లోపలి గ్రీజు తగిలితే పేలిపోతుంది. రైఫిల్ పేలేది మీ అమ్మాయి చెంప పక్కన. మామూలు పొడి గాలి తప్ప ఇంకేదీ అందులోకి వెళ్లకూడదు.

పిస్టల్ మాటేమిటి

రైఫిల్ అని బయల్దేరినవాళ్లకి పిస్టల్ గురించి కూడా చెప్పాలి. ఎయిర్ పిస్టల్ బరువు కిలోన్నర మించదు, పది చుక్క 11.5 మిల్లీమీటర్లు ఉంటుంది. అది చూసి తేలికనుకోకండి, ఒంటి చేత్తో చాపి పట్టాలి. కానీ రైఫిల్‌కి కావాల్సిన మందపాటి కాన్వాస్ జాకెట్, ప్యాంటు, ప్రత్యేకమైన బూట్లు ఇందులో అక్కర్లేదు. మే నెలలో భీమవరంలోనో తణుకులోనో ఆ జాకెట్ వేసుకుని అరవై గుళ్లు కొట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఏసీ లేని రేంజ్ అయితే పిల్ల నీరసపడిపోతుంది. ఖర్చు లెక్కలోనూ జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ కలిపితే దేశీ స్ప్రింగ్ రైఫిల్ ధరని దాటిపోతాయి, పైగా ఎదిగే పిల్లకి మళ్లీ కుట్టించాలి. కుదురుగా ఒకే చోట గంటసేపు నిలబడగలిగే, చిన్న చిన్న సర్దుబాట్లు ఇష్టపడే పిల్లకి రైఫిల్ నప్పుతుంది. బరువు మొయ్యలేని, సరంజామా అంటే విసుక్కునే పిల్లకి పిస్టల్. రెండూ ఒక్కో నెల పట్టుకోనిచ్చి తననే తేల్చుకోమనండి. మా ఇంట్లో ఆ నిర్ణయం మా అమ్మాయిదే.

మరి ఏది కొనాలి

మొదటి మూడు నాలుగు నెలలు ఏదీ కొనకండి. జిల్లా రైఫిల్ అసోసియేషన్ ద్వారా గానీ, దగ్గర్లో ఉన్న అకాడమీ ద్వారా గానీ క్లబ్ రైఫిల్‌తో మొదలుపెట్టించండి. రాజమహేంద్రవరం, కాకినాడ వైపు వాళ్లకి విశాఖ అందుబాటు; ఏలూరు, భీమవరం వైపు వాళ్లకి విజయవాడ. వేసవి సెలవులు దీనికే పెట్టుకోవచ్చు. ఆ తర్వాత కూడా అమ్మాయి తనంతట తాను ఎప్పుడెళ్దామని అడుగుతుంటే అప్పుడు కొనండి.

వారానికి రెండు మూడుసార్లు రేంజ్‌కి తీసుకెళ్లగలిగేవాళ్లు, డబ్బు సర్దుకోగలిగేవాళ్లు, బట్ పొడుగు మార్చుకునే జూనియర్ పీసీపీ తీసుకోండి. కొత్తదే కావాలని లేదు. పెద్దదానికి మారిపోయిన పిల్లలు అమ్మేస్తుంటారు, కోచ్‌ని అడిగితే తెలుస్తుంది. రేంజ్ దూరమై, నెలకోసారి వెళ్లడమే కష్టమైన ఇంటికి, అమ్మాయి సొంతంగా ఎక్కుపెట్టగలిగే బలం తక్కువ స్ప్రింగ్ రైఫిల్ చాలు. పదేళ్ల లోపు పిల్లకైతే ఏదీ వద్దు, ఇంకో రెండేళ్లు ఆగండి.

జాకెట్ ముందా రైఫిల్ ముందా అని అడుగుతారు. క్లబ్ రైఫిల్ దొరుకుతున్నంత కాలం జాకెట్టే ముందు. ఇంకొకరి జాకెట్ తొడుక్కుని నేర్చుకున్న నిలకడ నిలకడ కాదు.

ఇంట్లో కొట్టేవాళ్లకి దూరం సమస్య కాదు. పది మీటర్లంటే 33 అడుగులు, పాత మండువా ఇంట్లో వీధరుగు నుంచి పెరటి గుమ్మం దాకా వచ్చేస్తుంది. సమస్య అడ్డుదే. పెల్లెట్ గురి తప్పితే రెండు మూడు వందల మీటర్లు పోగలదు. కొబ్బరి తోటలో చెట్టుకి అట్టముక్క తగిలించి కొట్టడం, కాలవ గట్టు వైపు కొట్టడం వద్దు, అవతల ఎవరు వస్తున్నారో కనపడదు. వెనక గట్టి గోడ, దాని ముందు ఇసుక నింపిన బస్తాలు, ముందు ఇనప పెల్లెట్ ట్రాప్ ఉండాలి. ఆ వైపు తలుపుకి గొళ్లెం పెట్టాలి. అక్కడున్న అందరికీ కళ్లద్దాలు. పెల్లెట్లు సీసంవి, ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండా పిల్ల ఏమీ తినకూడదు. పని అయ్యాక పెద్దవాళ్లే రైఫిల్ తాళం వేసి పెట్టాలి, పెల్లెట్లు వేరే చోట. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాల పిల్లలతో నిండినప్పుడు ఈ నియమం మరీ ముఖ్యం.

ఉప్పుగాలి తగిలే ఊళ్లవాళ్లు రైఫిల్‌ని స్పాంజి పెట్టెలో మూసి ఉంచకండి, ఆ స్పాంజి తేమ పట్టి ఉంచుతుంది. వాడిన ప్రతిసారీ ఇనుము మీద పల్చగా గన్ ఆయిల్ అద్దిన గుడ్డతో తుడిచి, పొడి బీరువాలో పెట్టండి.

పాత పీసీపీ బేరమాడేటప్పుడు ముందు సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. చాలా కంపెనీలు పదేళ్ల గడువు పెడతాయి. గడువు దాటిన సిలిండర్ ఉంటే కొత్తదాని ధర బేరంలోంచి తగ్గించాలి. నిండా గాలి నింపించి, గేజి ఎంత చూపిస్తోందో రాసుకుని, మర్నాడు పొద్దున మళ్లీ చూడండి. ముల్లు కిందికి దిగితే సీళ్లు కారుతున్నాయని అర్థం. రైఫిల్‌ని బల్ల మీద ఆనించి అదే పెల్లెట్‌తో పది గుళ్లు కోచ్ చేత కొట్టించండి, అన్నీ ఒకే బెజ్జంలో పడాలి. పాత బిల్లు, అమ్మకం కాగితం మీ చేతికొచ్చాకే డబ్బివ్వండి. ఆ రోజు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, బట్ తన భుజానికి ఆనించి చూసుకోవాల్సింది తనే.